తూములెత్తిన వైద్యము

కోనసీమలో మా మామయ్య యాభై యేండ్లపాటు ఎండలో పనిచేసిన మనిషి. సార్వా నాట్లనాడు మెడమీదను, వీపుమీదను, ముంజేతులమీదను పడిన ఎండకు లెక్క లేదు. మెలనోమా యను చర్మపు కేన్సరు ఎండవలన వచ్చునని పత్రికలలో చదివినవారెవరైనను, ఆయనకు అది రావలసియున్నచో ఆ మెడమీదనో వీపుమీదనో రావలెనని తలతురు. వచ్చినది మాత్రము ఎడమకాలి మడమ క్రింద. సూర్యుడు ఏనాడును తిన్నగా చూడని బెత్తెడు చోటులో.

మొదట అది చింతగింజంత నల్లని మచ్చ. ముల్లు విరిగి లోపల నిలిచినదని ఒకరు, ఆనెకాయ యని ఒకరు, జీడి తగిలిన మరక యని మరియొకరు చెప్పిరి. ఊరి వైద్యుడు సూదితో గెలికి చూచి, "ములుకు లోపలే ఉండిపోయిందండి, ఆయ్, అదే కరిగిపోద్ది" అని కట్టు కట్టి పంపెను. ఏడాదిన్నర గడచునప్పటికి మచ్చ పచ్చిపుండయినది. గజ్జలో బిళ్ళ కట్టినది. హైదరాబాదులో పరీక్షలు చేయించునప్పటికి ఊపిరితిత్తులలో మూడు నీడలు కనిపించినవి.

ఎండతో పనిలేని మెలనోమా

చర్మపు పైపొర అడుగున రంగును తయారుచేయు కణములు కలవు, వానిని మెలనోసైట్లందురు. తెల్లవారి చర్మమునందును మన చర్మమునందును వీని సంఖ్య ఇంచుమించు సమానమే. వ్యత్యాసమంతయు అవి కట్టు రంగుపొట్లముల పరిమాణములోను, వానిని ఇరుగుపొరుగు కణములకు పంచు తీరులోను ఉన్నది. ఈ కణములు పుట్టుకచేతనే సంచారులు. గర్భస్థ శిశువునందు వెన్నుపాము రూపొందుచున్న చోటినుండి బయలుదేరి, దారిచేసికొనుచు, అరచేతులకు, అరికాళ్ళకు, గోళ్ళ మొదళ్ళకు, నోటిలోపలి పొరకు, కంటిలోపలికి సైతము పోయి స్థిరపడినవి. అట్టి కణము చెడినప్పుడు, చిన్ననాటి దేశసంచారము జ్ఞప్తికి వచ్చినట్లుగా, తక్కిన చర్మపు కేన్సరులకన్న త్వరగా దూరప్రయాణము కట్టుటలో వింత లేదు.

తెల్లవారి మెలనోమాకు ముఖ్యకారణము ఎండలోని అతినీలలోహిత కిరణములు. అవి కణములోని జన్యులిపిపై పడి, చెదలు తాటాకు గ్రంథమును తినినట్లు, వేలకొలది అక్షరములను చెరపును. మనవారికి చర్మములోని వర్ణకమే గొడుగు. అందుచేతనే మన దేశమున ఈ వ్యాధి ఏటా లక్షమందిలో ఒకరికైనను రాదు. కాని అరికాలి రకమునకు ఆ గొడుగుతో నిమిత్తము లేదు. తెల్లవారి మెలనోమాలలో ఇది నూటికి రెండో మూడో. ఆసియావారి మెలనోమాలలోనో, సగము వరకు ఇదియే. శరీరపు బరువు మోపు చోట్ల ఇది అధికముగా పుట్టుచుండుటను జపాను వైద్యులు గమనించిరి; దీర్ఘకాలపు ఒత్తిడికిని దీనికిని పొత్తున్నదేమో యను శంక అందుండి పుట్టినది. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటిక్రింద 1977లో బయటపడినది ఈ రకమే. అదియు మొదట ఫుట్‌బాలు ఆటలో తగిలిన దెబ్బయే యనుకొనిరి. 1981లో, 36 ఏండ్ల వయస్సున, ఆయన మరణించెను.

——————————
పాదము చూచుకొనుట

చెప్పులు లేక చేలో దిగువారు నెలకొకసారి దీపము దగ్గర కూర్చుండి అరికాళ్ళు చూచుకొనుట మంచిది. తమకు అందనిచో ఇంటివారిచేత చూపించుకొనవలెను. గోటిపై నిలువునల్లచార మనవారిలో చాలమందికి సహజముగనే ఉండును. దానికి భయపడనక్కర లేదు. ఆ చార ఒకే గోటికి కొత్తగా వచ్చి, నానాటికి వెడల్పగుచు, గోరు దాటి ప్రక్క చర్మమునకు నలుపు ప్రాకినచో మాత్రము చర్మవైద్యుని చూడవలెను. అరికాలి మచ్చ అంచులు వంకరటింకరగా పెరుగుచున్నను, కాలిపుండు రెండు నెలలకైనను మానకున్నను అట్లే. ఇంకొక చిక్కు: ఈ మెలనోమా ఒక్కొక్కప్పుడు నల్లగా నుండదు; ఎఱ్ఱని కండవలె లేచి, మానని పుండని మభ్యపెట్టును. ముక్క తీసి పరీక్షించినగాని నిజము తేలదు. కత్తి తగిలిన కేన్సరు ప్రాకునను భయము మన పల్లెలలో బలముగా నాటియున్నది. ముక్క తీయుటకు జంకి మనుష్యులు పోగొట్టుకొను నెలలే వారి కొంప తీయుచున్నవి.
——————————

ధవళేశ్వరపు తూము, పొలము గట్టు తూము

మామయ్యకు మొదలుపెట్టిన ఇమ్యునోథెరపీ యను ఈ కొత్త చికిత్సను గోదావరి మండలములవారికి బోధపరచుట ఇతరులకు బోధపరచుటకన్న సులభమని నా నమ్మకము. 1852లో కాటను దొర ఆనకట్ట పూర్తియైనది మొదలు మన బ్రదుకంతయు నీటిని ఎప్పుడు వదలవలెను, ఎప్పుడు ఆపవలెను అను ప్రశ్నచుట్టునే తిరుగుచున్నది. ఈ చికిత్స కథయు అదియే.

కోతవైద్యము, కిరణవైద్యము, కీమోథెరపీ — ఈ మూడును కేన్సరుమీదికి నేరుగా పోవునవి. మామయ్యకు మూడు వారముల కొకసారి అరగంటసేపు చేతినరములోనికి ఎక్కించు పెంబ్రోలిజుమాబ్ అను మందో, కేన్సరు కణమును అంటనే అంటదు. అది పోయి పట్టుకొనునది ఆయన సొంత రక్తములోని టీ-కణములను.

టీ-కణములు శరీరమంతట తిరుగుచు ప్రతి కణపు గుమ్మమును పరీక్షించును. కణము తన లోపల తయారగు ప్రోటీనుల తునుకలను గుమ్మమునకు తోరణము కట్టి యుంచును. తునుకలు పరిచితములైనచో టీ-కణము దాటిపోవును. వైరస్సు తునుకయో, చెడిన జన్యులిపినుండి పుట్టిన వికృతమైన తునుకయో కనిపించినచో, ఆ కణమును అక్కడనే హతమార్చును. ఇట్టి సేనను పగ్గము లేక వదలినచో అది తన యింటినే తగులబెట్టును గనుక ప్రకృతి దానికి రెండు తావుల తూములు పెట్టినది.

మొదటిది ధవళేశ్వరము దగ్గరి తూము వంటిది. టీ-కణములు యుద్ధమునకు తరిఫీదు పొందు స్థలములు శోషరస గ్రంథులు, అనగా గజ్జలోను చంకలోను బిళ్ళకట్టు ఆ గుళికలే. అచ్చట సేన బయలుదేరిన కొలదిదినములకే సీటీఎల్ఏ-4 అను తలుపు దిగి, ప్రవాహమును తగ్గించును. రెండవది పొలము గట్టున బోదె దగ్గరి తూము. టీ-కణము తాను పోరాడుచున్న చోటికి చేరిన తరువాత దాని ఒంటిపై పీడీ-1 అను గొళ్ళెము మొలచును. దెబ్బ తినుచున్న కణము తన ఒంటిపై పీడీ-ఎల్1 అను చేతిని మొలపించి ఆ గొళ్ళెమును బిగించును. "ఇంక చాలు" అనుటకు శరీరము కల్పించిన మర్యాద అది. ఆ మర్యాదను దొంగిలించుటయే కేన్సరు నేర్పు. ఎగువరైతు రాత్రివేళ తూమునకు గోనెసంచులడ్డు పెట్టి నీరు బిగబట్టినట్లు, కేన్సరు కణములు ఒంటినిండ పీడీ-ఎల్1 పెంచుకొని, తమ్ము చంపవచ్చిన సేనను గుమ్మములోనే నిద్రబుచ్చును.

పీడీ-1ను 1992లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున తసుకు హోంజో బృందము కనుగొన్నది. సీటీఎల్ఏ-4 తలుపును ప్రతిరక్షకముతో మూయకుండ పట్టి నిలిపినచో ఎలుకలలోని కణితులు కరగిపోవుచున్నవని 1996లో అమెరికాలో జేమ్స్ ఆలిసన్ బృందము చూపినది. ఇద్దరికిని 2018లో నోబెలు బహుమానము వచ్చినది. మొదటి తలుపునకు మందైన ఇపిలిముమాబ్ 2011లోను, రెండవ తూమునకు మందులైన పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లోను అమెరికాలో అనుమతి పొందినవి. అన్నియు మొట్టమొదట మెలనోమాకే. గొళ్ళెము రంధ్రములో మైనము కూరినట్లు ఈ మందు పీడీ-1లో ఇరుకుకొనును; కేన్సరు చేయి ఎంత చాచినను గొళ్ళెము పడదు.

ఎగువ తూమెత్తినచో నీరు కావలసిన చేనికే కాదు, ఊరంతటికిని పారును. పొలము తూమెత్తినచో ముంపు కొంత తక్కువ. చికిత్సలోను అంతే. ఇపిలిముమాబ్‌కు ఉపద్రవము లెక్కువ, పీడీ-1 మందులకు తక్కువ, రెండును కలిపి యిచ్చినప్పుడు సగముమందికి పైగా తీవ్రమైన ఇబ్బందులు కలిగినవి. ఇంతవరకు ఉపమానము నిలిచినది, ఇంక నిలువదు. వదలిన నీరు సముద్రమున కలిసి పోవును, టీ-కణము పోదు. అది తనంత తాను వృద్ధిపొందును, శత్రువు మొగమును జ్ఞాపకముంచుకొనును. అందుచేతనే మందు మానిన తరువాత కూడ కొందరిలో ఫలము ఏండ్లకేండ్లు నిలుచుచున్నది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు మెలనోమా 2015లో మెదడుకు ప్రాకియుండగా ఈ మందే పుచ్చుకొని, నూరేండ్లు నిండిన పిమ్మట 2024 డిసెంబరులో మరణించెను.

శివారు చేనుకు నీరందదేమి?

కార్టరు కథ విని మా అత్తయ్య పొందిన ఆశను చూచి నాకు కొంత బెదురు కలిగినది. 2011కు పూర్వము దేహమంతట ప్రాకిన మెలనోమా కలవారు సాధారణముగా ఏడాది దాటుట కష్టము; రెండు మందులును కలిపి పుచ్చుకొన్నవారిలో నూటికి 43 మంది పదేండ్లకు జీవించియున్నారని ఒక పెద్ద పరిశోధన 2024లో తేల్చినది. కాని ఆ లెక్కలోనివారు అధికభాగము తెల్లవారు. వారి వ్యాధి అధికభాగము ఎండ తెచ్చినది. అరికాలి మెలనోమాకు ఆ ఫలము అంతగా రాదు.

కారణము విచిత్రమైనది. ఎండ వేలకొలది అక్షరములను చెరపునని పైన చెప్పితిని. చెడిన అక్షరము లెక్కువైనకొలది గుమ్మమున వ్రేలాడు వికృతపు తునుకలును ఎక్కువ. టీ-కణమునకు గుర్తుపట్టుట తేలిక. ఎండ కేన్సరును పుట్టించుచునే దాని మెడకు గంట కూడ కట్టినదన్నమాట. అరికాలి మెలనోమాలో జన్యులిపి పెద్దపెద్ద పుటలుగా చిరిగి, తారుమారై కుట్టబడియుండునే గాని, అక్షరదోషములు తక్కువ. గంట చప్పుడు చిన్నది. కణితిలోనికి చేరు టీ-కణములు కొద్ది. కాలువలోనే నీరు లేనప్పుడు శివారు చేని తూము ఎత్తి ఏమి లాభము? ఐనను కొందరిలో పనిచేయుచున్నది. ఎవరిలో పనిచేయునో ముందుగా చెప్పగల పరీక్ష మాత్రము లేదు.

మూడు నెలల తరువాత తీసిన మొదటి స్కానులో మామయ్య నీడలలో నొకటి పెరిగినట్లు కనిపించినది. అత్తయ్య ఆసుపత్రి వసారాలోనే కూలబడినది. వైద్యురాలు మాత్రము, మనిషికి ఆకలి బాగున్నది, బరువు తగ్గలేదు, కొంతకాలము చూతమనినది. టీ-కణములు గుంపుగా చొరబడినప్పుడు కణితి వాచి, పెరిగినట్లు కనిపించుట కలదు. ఇది నూటికి పదిమందిలో కూడ జరుగదు గనుక పెరిగిన ప్రతి నీడను వాపని సంతోషించుటయు ప్రమాదమే. ఆరువారముల తరువాతి స్కానులో ఆ నీడ సగమైనది. ఆ ఆరువారములు ఆ యింట ఎవరును గట్టిగా మాటాడలేదు.

మొదటి ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరము దగ్గర నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 13.75 ఐనచో రెండవది, 17.75 ఐనచో మూడవది. లంకలలోనివారు మొదటిదానికి పశువులను గట్టెక్కింతురు, రెండవదానికి మూటలు కట్టుదురు, మూడవదానికై ఎవరును కాచుకొని కూర్చుండరు. ఇమ్యునోథెరపీ పుచ్చుకొనువారు నేర్చుకొనవలసిన విద్యయు సరిగా ఇదియే.

తూమెత్తిన తరువాత సేన పొరపాటున ఏ అవయవముమీదికైనను పోవచ్చును. చర్మముమీదికి పోయిన దురద, దద్దురు. ప్రేగులమీదికి పోయిన విరేచనములు. కాలేయముమీదికి పోయిన కామెర్లు. ఊపిరితిత్తులమీదికి పోయిన పొడిదగ్గు, ఆయాసము. థైరాయిడుమీద పడుట చాల సాధారణము. దానికి జీవితాంతము రోజు కొక మాత్ర సరిపోవును. గుండెకండరముమీద పడుట మిక్కిలి అరుదు, మిక్కిలి భయంకరము. మందు శరీరములో వారములకొలది నిలుచును గనుక ఇవి మొదటి సూదికి రావచ్చును, చికిత్స ముగిసిన కొన్ని నెలలకును రావచ్చును.

మా అత్తయ్య నాలుగవ తరగతితో బడి మానినది. వంటింటి గోడకు వ్రేలాడు వేంకట్రామా క్యాలెండరుమీద, తిథి వార నక్షత్రముల క్రింద మిగిలిన ఖాళీలో, భర్త రోజుకెన్ని మారులు దొడ్డికి పోయినదియు పెన్సిలుతో వేయుచుండెను. ఒక్కటి, ఒక్కటి, రెండు. మరి కొన్నాళ్ళకు నాలుగు, నాలుగు, ఆరు. వరదనీరు బావులలో కలిసిన రోజులవి. ఊరిలో సగముమందికి విరేచనములే. వైద్యుడు వచ్చి, పాడునీళ్ళని చెప్పి, సెలైను సీసా, యాంటీబయాటిక్కు మాత్రలు సిద్ధము చేసెను. అత్తయ్య ఒప్పుకొనలేదు. "ఊరందరికీ నీళ్ళ వల్లండి. ఈయనకి మందు వల్ల కూడా అయ్యుండొచ్చంట, నాలుగు దాటితే ఫోను చెయ్యమన్నారండి ఆవిడ" అని, హైదరాబాదులో ఇచ్చిన చీటీ చూపినది. ఆ రాత్రియే గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరిరి.

లెక్క యిది: మామూలుకన్న నాలుగు విరేచనముల లోపు పెరిగినచో మొదటి హెచ్చరిక, నాలుగు మొదలు ఆరు వరకు రెండవది, అప్పటికి తరువాతి మోతాదు నిలిపివేయుదురు, ఏడు మొదలుకొని ఆసుపత్రి. వైద్యము స్టెరాయిడ్లు, అనగా తూము తలుపును కొంతకాలము మరల దింపుట. చేసిన మేలంతయు దీనితో తుడిచిపెట్టుకొని పోవునేమో యని మామయ్య అడిగెను. ఉపద్రవమునకై కొంతకాలము వాడిన స్టెరాయిడ్లవలన చాలమందిలో అట్లు జరుగదు. అపాయమంతయు స్టెరాయిడ్లను చటుక్కున మానుటలో నున్నది. వారములకొలది మెట్టుమెట్టుగా తగ్గింపవలెను. లేకున్న ముంపు తిరిగి లేచును. ఎప్పుడో సోకి నిద్రించుచున్న క్షయ మేలుకొనుటయు కలదు గనుక, మన దేశమున దగ్గును ఉపేక్షింపరాదు. అన్నిటికన్న ముఖ్యము, పంటివైద్యునికైనను మందుల దుకాణమువానికైనను "నేను ఇమ్యునోథెరపీలో ఉన్నాను" అని నోరు తెరచి చెప్పుట.

ఒకే గూటిలో రెండు మందులు

ఆ యింటి గూటిలో, అమృతాంజనము సీసా ప్రక్కన, మరియొక మందు చీటి కలదు. అది అత్తయ్యది. కీళ్ళవాతమునకు పదేండ్లుగా ఆమె ప్రతి ఆదివారము మెథోట్రెక్సేట్ మాత్ర వేసికొనుచున్నది. ఆమె వ్యాధి టీ-కణములు మితిమీరి సొంత కీళ్ళను కొరుకుట. ఆ మాత్ర వానిని అణచును. భర్త తూమెత్తు మందుకు హైదరాబాదు పోవుచుండగా, భార్య తూము దించు మాత్రను ఇంట మ్రింగుచున్నది.

ఆ మాత్రకు మూలపురుషుడు మన భీమవరమువాడే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో అచ్చట జన్మించి, రాజమహేంద్రవరమున కొంత చదివి, అమెరికా చేరి, లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. పిదప ఆ ఆమ్లమునకు మారువేషము వేసిన పదార్థములు అక్కడనే సిద్ధమైనవి. వేగముగా విభజన చెందు కణము వానిని అసలు ఫోలిక్ ఆమ్లమని భ్రమించి మ్రింగి నశించును. అమినోప్టెరిన్ అను అట్టి పదార్థముతో రక్తకేన్సరు పిల్లలలో కొంతకాలము వ్యాధి ఉపశమించినదని బోస్టనులో సిడ్నీ ఫార్బరు ప్రకటించినది 1948లో. సుబ్బారావు మరణించినదియు ఆ సంవత్సరమే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్.

పాతమందును కొత్తమందును ముంబయి టాటా మెమోరియలు ఆసుపత్రిలో కలిసికొన్నవి. ముదిరిన నోటి, గొంతు కేన్సరులకు మెథోట్రెక్సేట్ మొదలైన మూడు చౌక మాత్రలతోబాటు నివోలుమాబును కేవలము 20 మిల్లీగ్రాములు, అనగా వాడుకలోని మోతాదులో పదవవంతుకన్న తక్కువ, మూడు వారముల కొకసారి ఇచ్చి చూచిరి. ఏడాదికి జీవించియున్నవారు నూటికి 16 నుండి 43కు పెరిగిరని 2022లో ప్రకటించిరి. ఇది మెలనోమా మాట కాదు. దీనిని చూచి ఎవరును తమంత తాము మోతాదు తగ్గించుకొనరాదు. కాని ఒక్కొక్క మోతాదు లక్షలలో నున్న మందుకై మామయ్య ముప్పాతిక ఎకరము కొబ్బరితోట తెగనమ్ముట చూచిన నాకు, ఆ ముంబయి వైద్యుల పని నోబెలు బహుమానముకన్న ఏమియు తక్కువ కాదని తోచును. పెంబ్రోలిజుమాబుపై కేంద్రప్రభుత్వము 2023లో దిగుమతి సుంకమును ఎత్తివేసినది. అది కొంత ఊరట.

తెల్లమచ్చ

తొమ్మిదవ నెలలో మామయ్య ముంజేతిమీద తెల్లని మచ్చలు బయలుదేరినవి, కనుబొమ ఒకటి నెరసినది. బొల్లి. మనుమరాలికి సంబంధములు చూచుచున్న రోజులు. మన పల్లెలలో ఆ మాటకు గల భయము తెలిసినదే. పొరుగువారు పలకరించుట తగ్గించిరి. హైదరాబాదులో వైద్యురాలు ఆ చేతిని వెలుతురుకు త్రిప్పి చూచి ముచ్చటపడినదట. మెలనోమా చెడిన మెలనోసైటే గదా. దానిని గుర్తుపట్టిన టీ-కణములు చెడని మెలనోసైట్లను సైతము చంపుచున్నవి. ఈ చికిత్సలో బొల్లి వచ్చిన మెలనోమా రోగులకు మందు బాగుగా పట్టుట అనేకచోట్ల గమనింపబడినది. పూచీపత్రము కాదు, మంచి శకునము. అది అంటునది కాదని, కులములో దిగునది కాదని అత్తయ్య వీధి అరుగుమీద కూర్చుండి వచ్చిన ప్రతివారికిని చెప్పుచున్నది.

నీడలలో రెండు పోయినవి. మూడవది 9 మిల్లీమీటర్లు. రెండు స్కానులుగా అంతే యున్నది. దాళ్వా నాట్లకు చేలో దిగవచ్చునా యని మామయ్య అడుగగా, కోసి అతుకు వేసిన మడమ నానరాదు, మోకాటి వరకు బూట్లు తొడుగుకొని దిగుమనిరి. అమలాపురములో బూట్లు కొనెను. మొదటిరోజుననే దమ్ముచేసిన మడిలో ఎడమ బూటు దిగబడి, కాలు మాత్రము పైకి వచ్చినది. ఇద్దరు మనుష్యులు పట్టి లాగిరి. బూటును కాలువలో కడిగి, గట్టుమీద బోర్లించి, తాను ఆ ప్రక్కనే కూర్చుండి, ఆ పూటంతయు నాట్లు వేయువారికి తప్పులు పట్టుచుండెను.